తాతగారి రైఫిల్ పాతదైతే లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: మాది మంచిర్యాల జిల్లా జన్నారం దగ్గర ఒక ఊరు. మా తాతగారు వేటకు వాడిన బోల్ట్ యాక్షన్ (చేత్తో కడ్డీ లాగి తూటా ఎక్కించే) రైఫిల్ ఇంట్లో ఉంది. ఆయన తర్వాత లైసెన్సు నాన్నగారి పేరు మీదికి వచ్చింది. నాన్నగారు పోయిన ఏడాది కాలం చేశారు. లైసెన్సు బుక్కులో ఇంకా రెండేళ్ల గడువు కనిపిస్తోంది. గొట్టం మీద .315 (తూటా కొలత) అనీ, ఇషాపూర్ అనీ ఉంది. బీరువాలో కొన్ని తూటాలు కూడా ఉన్నాయి. ‘అది యాంటిక్, దానికి లైసెన్సేమిటి’ అంటున్నారు బంధువులు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ‘తాతగారి గుర్తు, అమ్మొద్దు’ అంటాడు. అడవిపందులు మొక్కజొన్న చేను పాడుచేస్తున్నాయి. ఈ రైఫిల్ నా పేరు మీదికి మార్చుకోవచ్చా? పందుల్ని కొట్టొచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. ఇంకా పనిచేస్తోందో లేదో చూద్దామని పెరట్లో ఒక్క తూటా కూడా పేల్చకండి. ప్రస్తుతం ఆ రైఫిల్ మీ దగ్గర ఉండటమే చట్టానికి సరిపడని పని. పేలిస్తే కేసు ఇంకా బరువవుతుంది.

పొలం, ఇల్లు, నగలు వారసత్వంగా వస్తాయి. తుపాకీ లైసెన్సు రాదు. అది ఒక మనిషిని చూసి, విచారించి ఇచ్చిన అనుమతి. నాన్నగారు పోయిన రోజుతోనే దాని పని అయిపోయింది. బుక్కులో ఇంకా రెండేళ్లు ఉందన్నది మీకు ఉపయోగపడదు. ఆ తుపాకీకి ఒకప్పుడు లైసెన్సు ఉండేదని చూపించడానికి మాత్రం ఆ బుక్కు చాలా విలువైన కాగితం, జాగ్రత్త చేయండి.

ఇక యాంటిక్ సంగతి. మీ బంధువుల మాట పూర్తిగా ఊహ కాదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాత ఆయుధాలకు ఒక మినహాయింపు నిజంగానే ఉంది. కానీ వాళ్లు సగం వాక్యమే చదివారు. పాతకాలపు నమూనా అయినా, పురాతన విలువ ఉన్నా, పాడైపోయినా సరే, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేనిదై ఉండాలన్నది మిగతా సగం. .315 తూటా పట్టి, బోల్ట్ కదిలి, పిన్ను కొట్టే రైఫిల్ ఎంత పాతదైనా చట్టం దృష్టిలో తుపాకీయే. బోల్ట్ తుప్పుపట్టి బిగుసుకుపోయినా, బాగుచేస్తే పేలేటట్టుంటే మినహాయింపు వర్తించదు. కోర్టులో ఆ సంగతి తేల్చేది ఆయుధ నిపుణుడి రిపోర్టు. దాని వయసు అక్కడ ఎవరూ అడగరు.

లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం 3వ సెక్షన్‌కు విరుద్ధం. తుపాకీకైతే 25(1బి) కింద, 2019 సవరణ తర్వాత, రెండేళ్లకు తగ్గని, ఐదేళ్ల వరకు పెరగగల జైలుశిక్ష, పైగా జరిమానా. ‘ఇంట్లో ఉన్నట్టు నాకు తెలీదు’ అనే వాదన కొన్ని కేసుల్లో నిలుస్తుంది. స్వాధీనం అంటే తెలిసి ఉంచుకోవడం అని సుప్రీంకోర్టు 1972లోనే గుణ్వంత్‌లాల్ కేసులో చెప్పింది. మీకు ఆ దారి లేదు. గొట్టం మీద ఏం రాసి ఉందో కూడా నాకు రాశారు కదా!

టెన్షన్ పడాల్సిన పని లేదు, బయటపడే దారి చట్టంలోనే ఉంది. స్వాధీనం చట్టబద్ధం కాకుండా పోయినప్పుడు అనవసరమైన ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయమని 21వ సెక్షన్ చెబుతోంది. మీరిప్పటికే ఏడాది ఆలస్యం చేశారు. అందుకే తుపాకీ సంచిలో వేసుకుని బస్సెక్కకండి. ముందు ఎస్సైగారికి ఫోన్ చేసి, రాతపూర్వకంగా విషయం తెలిపి, ఎలా తెమ్మంటారో అడగండి. వాళ్లే వచ్చి తీసుకెళ్తామంటే మరీ మంచిది. రైఫిల్ నంబరు, తూటాల సంఖ్య రాసిన రసీదు తీసుకోకుండా మాత్రం వదలొద్దు. డిపాజిట్ చేస్తే తుపాకీ పోయినట్టేనని చాలామంది భయపడతారు. నిర్ణీత గడువులోపు లైసెన్సు తెచ్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చు, అర్హుడైన వారికి అమ్ముకోనూ వచ్చు. గడువు దాటనిస్తే ప్రభుత్వపరం కావచ్చు.

తర్వాత మీ పేరున లైసెన్సు. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ రూల్ సరిగ్గా మీలాంటి వారసుల కోసమే. నాన్నగారి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాత లైసెన్సు, మిగతా వారసుల నో అబ్జెక్షన్ కావాలి. అన్నయ్య అఫిడవిట్‌ను హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపితే సరి. అమ్మగారు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల సంతకాలూ మరవకండి. ఇంటివారే కదా అని ఒక సంతకం వదిలేసి ఫైలు వెనక్కి రావడం తరచూ చూస్తుంటాను. వీటితోపాటు డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా ఉంచుతానన్న హామీ, సురక్షితంగా వాడటంలో శిక్షణ, ఆపై పోలీసు విచారణ. కలెక్టర్ గారు లేదా పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్ గారు నిర్ణయిస్తారు. కాదంటే మామూలుగా కారణం రాసివ్వాలి, దాని మీద ఆయుధాల చట్టం 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. ఇప్పటికే మీ పేరున వేరే తుపాకులుంటే గుర్తుపెట్టుకోండి, 2019 నుంచి ఒక మనిషికి రెండే.

మీ అదృష్టం అది .315 కావడం. .303 అయ్యుంటే కలెక్టరాఫీసు చేతిలో ఉండేది కాదు, ఢిల్లీలో కేంద్ర హోంశాఖ దాకా వెళ్లేది. సైన్యం వాడే తూటా పౌరుల తుపాకీలో పట్టకూడదన్నది బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఉన్న జాగ్రత్త. ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .315 చేయడం వెనక ఉన్నదీ అదే.

మీ ఊరి వల్ల ఇంకో మెలిక ఉంది. జన్నారం కవ్వాల్ అభయారణ్యం పరిధిలోది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి లేకుండా కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వకూడదని 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 34వ సెక్షన్. కాబట్టి దరఖాస్తు పెట్టిన రోజే ఒక కాపీ అటవీ శాఖకూ ఇవ్వండి. పరిశీలనకు ఎక్కువ సమయం పడితే కంగారుపడకండి.

పందుల విషయం సూటిగా చెబుతాను. లైసెన్సు వచ్చాక కూడా మీ అంతట మీరు కొట్టకూడదు. చేను మీదే, పంటా మీదే, పంది మాత్రం వన్యప్రాణి. వన్యప్రాణి రక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అధికారం ఉన్న అధికారి కారణాలు రాసి అనుమతిస్తేనే కాల్చాలి. లేకపోతే వేట కేసు. రైఫిల్ ప్రభుత్వపరం కావచ్చు, శిక్ష పడితే ఐదేళ్లపాటు తుపాకీ లైసెన్సుకు అనర్హులుగా కోర్టు ప్రకటించనూ వచ్చు. అసలు పంట కాపలాకు చట్టం తలచుకున్నవి లోపల గాడులు లేని నున్నటి గొట్టం తుపాకులు, గొట్టం మూతిలోంచి మందుగుండు కూరే తుపాకులు. రైఫిల్ తూటా గురి తప్పితే పక్క ఊరి చేలోకి పోతుంది, రాత్రిపూట మరీ ప్రమాదం. పంట నష్టానికి అటవీ శాఖకు అర్జీ పెట్టండి. ఫొటోలు తీసి, పంట పాడైన వెంటనే పెట్టండి.

కాల్చాలన్న సరదా ఉంటే షూటింగ్ రేంజ్‌కే వెళ్లాలి. వెళ్లేముందు .315 లాంటి పెద్ద తూటా అక్కడ ఒప్పుకుంటారో కనుక్కోండి. చాలాచోట్ల .22, ఎయిర్ రైఫిళ్ల వరకే అనుమతి. అంతకంటే ముందు లైసెన్సున్న గన్‌స్మిత్‌కు గొట్టం, బోల్ట్ చూపించండి. ఊళ్లో కమ్మరి ఎంత పనివాడైనా అతనితో రిపేరు చేయించడం ఇద్దరికీ నేరమే. తాతగారి కాలపు తూటాలు వాడకండి, లైసెన్సు మీద కొత్తవి కొనుక్కోండి.

ఒకవేళ ఇదంతా విన్నాక మనసు మారితే, 25వ రూల్ కింద దరఖాస్తులోనే తీసుకునే ఉద్దేశం లేదని రాసి, డీలర్‌కు అమ్మడానికి అనుమతి అడగవచ్చు. అప్పుడు కూడా అన్నయ్య సంతకం కావాలి.