158 చూసి క్యాన్సిల్ నొక్కేయకు చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి నీ మెసేజ్ చూశా, అమెరికా లా స్కూళ్లలో సీటు కోసం రాసే ఎల్‌శాట్‌లో నీ స్కోరు, 158 అని ఒక్క నంబరు, ఇంకేం లేదు. ఏడ్చి ఉంటావని అప్పుడే అర్థమైంది. ప్రాక్టీస్ టెస్టుల్లో 164కి తగ్గని పిల్లకి అసలు పరీక్షలో ఇలా వస్తే కాళ్లూ చేతులూ ఆడవు. ఏడువు, తప్పులేదు, కానీ ఆ స్కోరు క్యాన్సిల్ మాత్రం నొక్కకు. స్కోరు చూశాక ఉంచాలా తీసెయ్యాలా తేల్చుకోనిచ్చే స్కోర్ ప్రివ్యూ తీసుకున్నావు కాబట్టి ఆరు రోజుల గడువుంది, నువ్వేం చెయ్యకపోతే స్కోరు దానంతటదే ఉండిపోతుంది.

నేను ఎల్‌శాట్ రాసినప్పుడు ఈ ప్రివ్యూలేం లేవు, స్కోరు రాకముందే ఉంచాలా తీసెయ్యాలా తేల్చుకోవాలి. రీడింగ్ సెక్షన్‌లో చివరి పాసేజ్ సగంలో టైమైపోయింది, ఇంటికొచ్చి నిద్రపట్టక, నాలుగోరోజు లైబ్రరీకెళ్లి సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్స్ చేసేశా. ఆ మెషిన్ కాగితాన్ని లోపలికి లాక్కుంటుంటే పట్టుకుని వెనక్కి లాగేద్దామనిపించింది, లాగలేదు. నాకెంత వచ్చిందో ఈరోజుకీ తెలీదు. ఆ ఏడాది అప్లై చెయ్యకుండానే పోయింది. నీ చేతిలో నంబరుంది తల్లీ, అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. 2006 నుంచి లా స్కూళ్లు ఏబీఏకి, అంటే వాటికి గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్‌కి, ఇచ్చే లెక్కల్లో ఒక్కొక్కరి హైయెస్ట్ స్కోరే చూపిస్తాయి, యావరేజ్ కాదు. అంటే రేపు నువ్వు మళ్లీ రాసి 165 తెచ్చుకుంటే వాళ్లకి పనికొచ్చేది 165యే. పాతది కూడా వాళ్లకి కనిపిస్తుంది, నిజమే, కానీ క్యాన్సిల్ చేసినా రిపోర్టులో క్యాన్సిల్ అని కనిపిస్తుంది కదా, పైగా ఆ అటెంప్ట్ కూడా లెక్కలోకి వస్తుంది, జీవితం మొత్తానికి ఏడుసార్లే రాయనిస్తారు. దాచామనుకోవడమే గానీ దాగేదేం లేదు.

నువ్వనుకుంటున్న ప్రతి స్కూలు వెబ్‌సైట్‌లోనూ 509 రిపోర్ట్ అని, అక్కడ చేరిన పిల్లల స్కోర్ల లెక్కలుండేది ఉంటుంది, తెరిచి 25వ పర్సెంటైల్, మీడియన్, 75 మూడూ నోట్‌బుక్‌లో రాసుకో. హార్వర్డ్, యేల్ మీడియన్లు 170 పైనే, అక్కడ 158తో కష్టం, నీకు అబద్ధం చెప్పను. కానీ నీ జీపీఏ 3.8, 158 మీడియన్‌కి దగ్గరగానో పైనో ఉండే మంచి స్కూళ్లు చాలా ఉన్నాయి, అలాంటిచోట స్కాలర్‌షిప్ కూడా రావచ్చు. పరీక్ష మధ్యలో జ్వరమొచ్చి సగం వదిలేసి 140ల్లో వచ్చుంటే తీసెయ్యమని నేనే చెప్పేదాన్ని. నీది అలాంటిది కాదు.

మళ్లీ రాయాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, రెండూ కలిపి బుర్ర పాడుచేసుకోకు. నన్నడిగితే ఒక్కసారి రాయి. ఏ ప్రశ్న తప్పైందో ఇప్పుడు చాలా టెస్టులకి చూపించరు, అందుకని ఏ సెక్షన్‌లో టైమెక్కడ పోయిందో, పది నిమిషాల బ్రేక్ తర్వాత ఎలా ఉన్నావో గుర్తున్నప్పుడే రాసిపెట్టుకో.

మీ నాన్నకి నేను చెప్తాలే, పక్కింటి వాళ్లబ్బాయితో పోల్చొద్దని కూడా చెప్తా. ఆదివారం సాయంత్రం ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ