సరుకు అమ్ముడవుతున్నా 1997లో థాయ్‌లాండ్ కంపెనీలు ఎందుకు మునిగాయి?

అమ్మకాల కంటే అప్పే ఎక్కువ ముంచింది. అంతకుముందు ఏళ్ల తరబడి డాలరు 25 బాత్‌ల (థాయ్ కరెన్సీ) దగ్గరే ఉండేది. బయట వడ్డీ తక్కువని కంపెనీలు డాలర్లలో అప్పు తెచ్చి, బాత్‌లలో అద్దెలొచ్చే భవనాలు కట్టాయి. అసలు ప్రమాదం ఇక్కడే: రాబడి ఒక కరెన్సీలో, బాకీ మరో కరెన్సీలో. 1997 జూలై 2న బాత్ విలువను నిలబెట్టడం మానేసి మార్కెట్‌కు వదిలేశారు. 1998 జనవరికల్లా డాలరు 50 బాత్‌లు దాటింది. లక్ష డాలర్ల అప్పు 25 లక్షల బాత్‌లనుకున్నది 50 లక్షలకు పైగా అయి కూర్చుంది. అద్దె మాత్రం పెరగలేదు. పైగా చాలావరకు ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు, ఆ టెన్షన్ ఊహించండి! ఖరీదైన ఇళ్లు కట్టిన సిరివత్ అనే వ్యాపారి దివాలా తీసి, మెడలో పెట్టె తగిలించుకుని బ్యాంకాక్ వీధుల్లో శాండ్‌విచ్‌లు అమ్మారు.