కోఎఫిషియంట్ మారిందని కంగారుపడకు

చి. అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నీ టెన్షన్ చూసి, రాత్రి అదే డేటాతో నీ రిగ్రెషన్ మోడల్‌ను (కొన్ని అంశాలతో ఇంకోదాన్ని అంచనా వేసే సమీకరణాన్ని) నేనూ రన్ చేశాను. 1974 నాటి మోటార్ ట్రెండ్ పత్రికలోని 32 కార్లు. బరువు, హార్స్‌పవర్ మాత్రమే పెడితే మైలేజీ మీద హార్స్‌పవర్ కోఎఫిషియంట్ (హార్స్‌పవర్ ఒకటి పెరిగితే మైలేజీ ఎంత మారుతుందో చెప్పే అంకె) -0.032. ఆ రెండింటి ఇంటరాక్షన్ (ఒకదాని ప్రభావం రెండోదాన్నిబట్టి మారేలా చేర్చే వాటి లబ్ధం) చేర్చగానే -0.120. "ఎక్కడో తప్పు చేశాను బాబాయ్" అన్నావు. నువ్వేమీ తప్పు చెయ్యలేదు తల్లీ. ఆ రెండు అంకెలూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

ఇంటరాక్షన్ లేనప్పుడు, కారు బరువు ఎంతైనా హార్స్‌పవర్ ప్రభావం ఒకటేనని మోడల్ అనుకుంటుంది. చేర్చాక ఆ -0.120 బరువు సున్నా ఉన్న కారుకే చెల్లుతుంది. అలాంటి కారు ఉండదు కదా! నీ డేటాలో అన్నిటికన్నా తేలికైనదే 1,513 పౌన్లు. అందుకే దాన్ని 'హార్స్‌పవర్ ప్రభావం' అని థీసిస్‌లో రాయకు.

ఇంటరాక్షన్ కోఎఫిషియంట్ 0.028ని బరువుతో (వేల పౌన్లలో) గుణించి -0.120కి కలిపి చూడు. సగటు బరువు 3.217 దగ్గర -0.03 వస్తుంది, అంటే నీ పాత అంకెకు దగ్గరే. తేలికైన కారుకు -0.078. నాలుగు వేల పౌన్ల దగ్గర దాదాపు ఏమీ లేదు. నువ్వు చెప్పాల్సిన కథ ఇదే.

బరువులోంచి సగటు తీసేసి మళ్ళీ రన్ చేస్తే ఆ -0.03 నేరుగా టేబుల్‌లోనే కనిపిస్తుంది. ఇంటరాక్షన్ కోఎఫిషియంట్, ఆర్-స్క్వేర్ (మైలేజీ తేడాల్లో మోడల్ వివరించే వాటా), అంచనాలు ఏవీ మారవు. సున్నా ఎక్కడుందో అదొక్కటే మారుతుంది. ఇలా సగటు తీసెయ్యడాన్నే సెంటరింగ్ అంటారు. దానితో మల్టీకొలినియారిటీ (అంశాలు ఒకదానితో ఒకటి ముడిపడి, దేని ప్రభావం ఎంతో విడదీయలేకపోవడం) జబ్బు నయమైపోతుందని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను, డేటాలో లేని సమాచారం దానివల్ల పుట్టదు.

పి-విలువ పెద్దదిగా ఉందని (అంటే ప్రభావం ఉందనడానికి ఆధారం బలంగా లేదని) మెయిన్ ఎఫెక్ట్‌ను, అంటే విడిగా ఉన్న బరువు లేదా హార్స్‌పవర్‌ను, మాత్రం తీసెయ్యకు. ఇంటరాక్షన్ ఉన్నంతకాలం అదీ ఉండాలని గణాంక శాస్త్రవేత్త నెల్డర్ 1977లోనే గట్టిగా చెప్పాడు. తీసేస్తే, సున్నాను ఎక్కడ పెట్టుకున్నావన్న దాన్నిబట్టి ఇంటరాక్షన్ కూడా మారిపోతుంది.

ఇంకొకటి. బరువు 4.3 వేల పౌన్లు దాటాక హార్స్‌పవర్ ప్రభావం గుర్తు ప్లస్‌కి మారుతుంది. అది చూసి 'బరువైన కార్లలో హార్స్‌పవర్ పెరిగితే మైలేజీ పెరుగుతుంది' అని రాసేవు సుమా! ఆ గీత దాటినవి మూడే కార్లు. గ్రాఫ్ గీసి, కాన్ఫిడెన్స్ బ్యాండ్ (అంచనా ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపే పట్టీ) అక్కడ ఎంత వెడల్పవుతుందో చూసి, ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ బాబాయి