పదహారు చోట్ల కొట్టేసిన మాట

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు చేతిలో ఎర్రపెన్ను ఉంది, కాగితాలు చూసి బెంబేలుపడకు. ‘ఆదర్శం’ అనే మాట 17 చోట్ల వాడావు. 16 కొట్టేశాను. మిగిలిన ఒక్కటి శీర్షికలో ఉంది. దాన్ని ప్రస్తుతానికి ముట్టుకోలేదు.

నీ వాదం ఇదీ: కోట్లమంది పిల్లలు చూస్తున్నారు కాబట్టి వృత్తి క్రీడాకారుడు ఆదర్శంగా బతికి తీరాలి. ఆ ‘కాబట్టి’ దగ్గర పెద్ద గొయ్యి ఉంది. నువ్వు దానిమీద చాప పరిచి నడిచిపోయావు. చూసేది పిల్లలు, మరి అప్పు ఆటగాడి నెత్తిన ఎలా పడింది? అది చెప్పకుండా ఎన్ని పేజీలు రాసినా ఉపన్యాసమే అవుతుంది.

ఆ గొయ్యిలోకి దిగి వాదించుకున్నవాళ్ళు ఉన్నారు. 1993లో బాస్కెట్‌బాల్ ఆటగాడు చార్ల్స్ బార్క్‌లీ నైకీ ప్రకటనలో కెమెరా ముందుకొచ్చి నేను రోల్ మోడల్‌ని కాను అనేశాడు. బంతి బుట్టలో వేయగలిగినంత మాత్రాన మీ పిల్లల్ని నేను పెంచాలా, అది తల్లిదండ్రుల పని అన్నాడు. అదే లీగ్‌లో వేరే జట్టుకు ఆడుతున్న కార్ల్ మలోన్ దానికి జవాబిచ్చాడు: అది మనం తేల్చుకునేది కాదు, జనమే మనల్ని ఎంచుకుంటారు, మంచిగా ఉండాలా చెడుగా ఉండాలా అన్నదొక్కటే మన చేతిలో ఉంది. నువ్వు మలోన్ పక్షం. ఇద్దరి మాటలోనూ నిజం ఉందనే నేనంటాను. కానీ నన్ను పట్టుకున్నది వేరే సంగతి. బార్క్‌లీ ఆ మాట అన్నది బూట్ల ప్రకటనలో! అతనిలా ఉండాలనుకునే పిల్లలే లేకపోతే ఆ బూట్లు కొనేదెవరు? నన్ను చూసి నడుచుకోకండని చెప్పి, అడుగులో అడుగు వేసేవాళ్ళకే జోళ్ళు అమ్మాడు. ఇలాంటి మెలిక దొరికినప్పుడు పక్షం తీసుకోవడానికి తొందరపడకు. అక్కడ కాసేపు కూర్చో.

కూర్చుంటే తెలుస్తుంది, ‘బాధ్యత’ అనే ఒకే సంచిలో మనం రకరకాల సరుకులు కుక్కేస్తున్నామని. ఆటలో మోసం చేయకపోవడం నిజంగానే బాకీ. ఎదుటి జట్టుకు బాకీ, టికెట్టు కొన్నవాడికి బాకీ. పిల్లలు చూస్తున్నా చూడకపోయినా తీర్చాల్సిందే. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు గరుకుకాగితంతో బంతిని గీకుతూ కెమెరాకు దొరికాడు. ముందే తెలిసీ ఆపని కెప్టెన్ స్టీవ్ స్మిత్‌కు అంతర్జాతీయ క్రికెట్ మండలి ఐసీసీ ఒక్క టెస్టు నిషేధం వేసింది. అతని సొంత దేశపు బోర్డు మాత్రం ఏడాది పాటు పక్కన పెట్టింది. ఒక టెస్టు ఎక్కడ, ఏడాది ఎక్కడ? మొదటిది ఆట నియమం తప్పినందుకు పడిన శిక్ష. రెండోదాంట్లో ఒక దేశం తలవంపు కూడా కలిసింది. నువ్వు ఈ సంఘటనను ‘దీనివల్ల పిల్లలకు ఏం నేర్పినట్టు?’ అన్న ఒక్క ప్రశ్నతో దాటించేశావు. ఆ రెండు శిక్షల మధ్య ఉన్న దూరంలోనే నీ వ్యాసం ఉంది తమ్ముడూ. అక్కడ కనీసం ఒక పేజీ నిలబడు.

ఆటగాళ్ళ కాపురాల గురించీ విడాకుల గురించీ రాసిన పేరా మొత్తం తీసేశాను. నేరం జరిగితే చట్టం ఉంది. జరగకపోతే అది మనకు అక్కర్లేని ఊసు.

ఇంకో బాకీ ఉంది, దాన్ని నువ్వు అసలు తడమలేదు. తన మంచితనాన్నే సరుకు చేసి అమ్ముకున్నవాడు ఆ సరుక్కి పూచీ పడాలి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక పుల్లెల గోపీచంద్ శీతల పానీయం ప్రకటన వద్దన్నాడు. తాను తాగనిదాన్ని ఇంకొకరికి అమ్మడం ఎందుకన్నది ఆయన లెక్క. ఆయన ఒప్పుకుని ఉంటే నేరమేమీ కాదు. కానీ ఒప్పుకున్నాక ఆ సీసా మీద బొమ్మతోపాటు ఆయన మాట కూడా ఉన్నట్టే.

దీనికి అవతలి కొసన సైకిల్ పందేల ఆటగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. నువ్వతన్ని ‘పడిపోయిన ఆదర్శం’ అన్నావు. కాదు. పడిపోయేదాకా అతను అచ్చంగా నువ్వడిగిన ఆదర్శంలాగే ఉన్నాడు. క్యాన్సర్‌ను గెలిచి వచ్చాడు. 1999 నుంచి 2005 దాకా వరసగా 7 సార్లు టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచాడు. క్యాన్సర్ రోగుల కోసం అతను పెట్టిన సంస్థ అమ్మిన పసుపు పట్టీలు కోట్లమంది చేతులకు ఎక్కాయి. ఆ డబ్బు రోగులకు నిజంగానే ఉపయోగపడింది కూడా, ఆ ముక్క దాచకు. అయితే అదే పసుపురంగు అతనికి డాలుగా పనికొచ్చింది. డోపింగ్, అంటే నిషేధించిన మందులు వాడుతున్నాడన్న అనుమానాలు రాసినందుకు సండే టైమ్స్ పత్రిక మీద దావా వేసి, రాజీలో డబ్బు కట్టించుకున్నాడు. 2012లో ఆ టైటిళ్ళన్నీ పోయాయి, 2013 జనవరిలో టీవీలో తనే ఒప్పుకున్నాడు. ఆటగాడు ఆదర్శంగా కనిపించి తీరాలని మనం పట్టుబడితే, కనిపించడంలో ఆరితేరినవాడే మనకు దక్కుతాడు. నీ వ్యాసంలో నేను వెతికి దొరక్కపోయింది ఈ భయమే.

నీ వయసులో నేనూ ఒక ఆటగాడి మీద వ్యాసం రాశాను, పొగడ్త తప్ప ఇంకేమీ లేదు అందులో. అతను పరీక్షలో దొరికాక అంతే వేడిగా తిట్టి ఇంకోటి రాశాను. చాలా ఏళ్ళకు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సిగ్గేసింది. రెండింట్లోనూ అతను లేడు. అతను రోజుకెన్ని గంటలు సాధన చేసేవాడో, ఎవరికి భయపడేవాడో ఒక్క వాక్యం రాయలేదు. నా మోజూ నా ఉక్రోషమూ తప్ప ఏమీ లేవు.

ఇంకో చిక్కు. ఆదర్శమని తేల్చేదెవరు? 1967లో, వియత్నాం యుద్ధం రోజుల్లో, బాక్సర్ ముహమ్మద్ అలీ అమెరికా సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ లాగేసుకున్నారు, మూడేళ్ళకు పైగా రింగులోకి రానివ్వలేదు. పిల్లలకు చూపించకూడని మనిషని అప్పట్లో అనుకున్నవాళ్ళు బోలెడుమంది. చేరనన్నందుకు పడిన శిక్షను 1971లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. 1996లో అట్లాంటా ఒలింపిక్ జ్యోతిని వణుకుతున్న చేత్తో వెలిగించింది ఆయనే. 1968లో మెక్సికో సిటీలో పతకాల వేదిక మీద నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పిడికిలెత్తిన అమెరికా పరుగువీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్‌లను ఒలింపిక్స్ నుంచి పంపించేశారు. ‘ఆదర్శంగా ఉండు’ అన్న మాటకు ‘నోరు మూసుకుని ఆడు’ అన్న అర్థం ఎన్నిసార్లు వచ్చిందో చూడు. నీ రెండో పేజీలో ‘హుందాగా, వివాదాలకు దూరంగా’ అని రాశావే, దాని పక్కన అలీ పేరు పెట్టి చదువు.

చివరగా, నీ దగ్గర లేని ఒక దృశ్యం ఇస్తాను. 1980, బొంబాయి, ఇంగ్లండ్‌తో గోల్డెన్ జూబిలీ టెస్టు. ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుని చిక్కుల్లో ఉంది. బాబ్ టేలర్ బ్యాటుకు బంతి తగిలి కీపర్ చేతిలో పడిందని అంపైర్ వేలెత్తాడు. తగల్లేదని టేలర్ మొహమే చెబుతోంది. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అంపైర్‌తో మాట్లాడి అతన్ని వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. ఇండియా 10 వికెట్ల తేడాతో ఓడింది.

విశ్వనాథ్ ఊరుకుని ఉంటే తప్పు పట్టేవాళ్ళెవరు? నిర్ణయం అంపైర్‌ది. ఆయన ఏ నియమమూ తప్పినట్టు కాదు. ఎవరూ అడగలేదు కాబట్టే ఆ పిలుపు గురించి ఇన్నేళ్ళ తర్వాత నీకు రాస్తున్నాను. అది ఆయన విధి అని నువ్వు రాసిన మరుక్షణం ఆయన చేసింది బాకీ తీర్చడం అయిపోతుంది. బాకీ తీర్చినవాడికి రసీదు ఇస్తాం, దండం పెట్టం.

నీ వ్యాసం ఈ దృశ్యంతోనే మొదలుపెట్టమని అనను, అది నాది. నీకంటూ ఒకటి వెతుక్కో. నువ్వు చిన్నప్పుడు ఏ ఆటగాణ్ణి చూసి ఏం నేర్చుకున్నావో ఎక్కడా రాయలేదు, అది నాకు వింతగా ఉంది. అది చెడ్డ విషయమైనా సరే రాయి. ఒక పేజీ అయ్యాక పంపు. శీర్షికలోని ఆ ఒక్క మాట ఉంచాలో తీసేయాలో అప్పుడు చూద్దాం. మూడో పేజీ అంచున రాసింది అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, నా దస్తూరి సంగతి నీకు తెలుసుగా.

నీ అన్నయ్య