మీ ప్రశ్నలు, మా జవాబులు: చిన్న బడికి వచ్చిన సైకాలజీ అమ్మాయి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రాథమిక బడులకి సైకాలజీ పీజీ పిల్లలు ప్రాక్టికల్స్‌కి వెళ్తున్నారు. వాళ్ల దగ్గర నుంచీ, వాళ్లని బడిలో పెట్టుకున్న టీచర్ల దగ్గర నుంచీ, పిల్లల ఇళ్ల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఈసారికి అవే తీసుకుంటున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ సైకాలజీ రెండో ఏడాది. మాది నరసన్నపేట దగ్గర పల్లె. ప్రాక్టికమ్ కోసం మా మండలంలోనే ఒక ప్రాథమిక పాఠశాలలో చేరాను. వెళ్లిన రోజే హెచ్‌ఎం గారు పన్నెండు మంది పేర్లున్న కాగితం నా చేతిలో పెట్టి, ‘వీళ్ల ఐక్యూ ఎంతో రాసిచ్చెయ్యమ్మా, ఎవరు మొద్దో తేలిపోతుంది’ అన్నారు. టెస్టు కిట్టు ఎలా వాడాలో మాకు నేర్పారు గానీ ఇలాంటప్పుడు ఏం చెప్పాలో నేర్పలేదు. కాదంటే బడిలో ఉండనివ్వరేమోనని టెన్షన్. అసలు మన దగ్గర స్కూల్ సైకాలజిస్ట్ అనే ఉద్యోగం ఉందా?
(ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: కాగితం తీసుకోండమ్మా, కాదనకండి. ఏ పిల్లల గురించి ఆయనకి బెంగ ఉందో అందులో ఉంది, అది తెలుసుకోవడానికి మామూలుగా మనకి చాలా రోజులు పడుతుంది. నంబరు మాత్రం ఇవ్వకండి. ‘సార్, నేనింకా స్టూడెంట్‌ని, నా సంతకంతో రిపోర్టు చెల్లదు, మా మేడమ్ దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. ఈలోగా వీళ్లలో మీకు బాగా ఇబ్బందిగా ఉన్న ఇద్దరి పేర్లు చెప్పండి, ముందు వాళ్లని చూస్తాను’ అనండి. పని తప్పించుకుంటున్నట్టు ఉండదు, అబద్ధమూ కాదు. ఆయనకి కావలసింది నిజానికి నంబరు కాదు, ఆ పిల్లలతో ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పడం.

ఇక చూడటం గురించి. కిట్టు సంచిలోనే ఉంచి వెనక బెంచీలో కూర్చోండి. ఒక ఇరవై నిమిషాలు ఆ పిల్లవాడు నిమిషానికోసారి ఏం చేస్తున్నాడో గీతలు పెట్టుకోండి: పలక మీద రాస్తున్నాడా, పక్కవాడితో మాట్లాడుతున్నాడా, కిటికీలోకి చూస్తున్నాడా అని. చాలామంది స్టూడెంట్లు ఇక్కడితో ఆపేస్తారు. అదే క్లాసులో టీచరుకి ఏ ఇబ్బందీ పెట్టని ఇంకో పిల్లవాడిని కూడా అంతే సేపు చూడండి, అదే పద్ధతిలో. గుడ్డుతో భోజనం తిన్నాక మధ్యాహ్నం రెండింటికి రేకుల షెడ్డులో క్లాసు మొత్తం కదులుతూనే ఉంటుంది, అప్పుడు ‘నిలకడ లేదు’ అని ఒక్కడి పేరు మీద రాస్తే అన్యాయం. తేడా కనిపిస్తేనే అది వాడి సంగతి, లేకపోతే గది సంగతి, టైమ్‌టేబుల్ సంగతి.

చదవడంలో వెనకబడ్డాడంటే వాడి చేత పుస్తకం చదివించండి, వేలు ఎక్కడ ఆగుతోందో చూడండి. అక్షరాలు వచ్చినా గుణింతాలు కలిసిపోయే పిల్లలుంటారు, ‘చెట్టు’ని ‘చెటు’ అని చదివేసి ముందుకెళ్లిపోయేవాళ్లుంటారు. బోర్డు మీద నుంచి ఎక్కించుకునేటప్పుడు ఒక్కో అక్షరానికీ తలెత్తి చూసి, మళ్లీ ఎక్కడున్నాడో వెతుక్కునేవాడు ఉంటాడు. అదే పిల్లవాడు ఇంటర్వెల్లో దుకాణానికి వెళ్లి యాభై నోటిచ్చి చిల్లర తప్పు లేకుండా తెచ్చుకుంటాడు. ఈ రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే ‘మొద్దు’ అన్న మాట హెచ్‌ఎం గారే వెనక్కి తీసుకుంటారు. అయితే ఒత్తులు పలకనివాళ్లందరికీ చదువు లోపం (లెర్నింగ్ డిసెబిలిటీ) ఉన్నట్టు కాదు, మన లిపి పట్టుబడటానికి టైం పడుతుంది. అందుకే చదువులో లోపం ఉందని సాధారణంగా ఎనిమిదేళ్లు నిండకుండా తేల్చరు. ఒకటో తరగతి పిల్ల మీద ఆ ముద్ర వెయ్యమని ఎవరు అడిగినా వెయ్యకండి.

కళ్లు, చెవులు ముందు చూపించారా అని తప్పకుండా అడగండి. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ మొదటి సైకాలజీ క్లినిక్ తెరిస్తే, అక్కడికి వచ్చిన మొట్టమొదటి కేసు పదాలు సరిగ్గా రాయలేని ఒక కుర్రాడు, వెంటబెట్టుకొచ్చింది టీచరు. చూస్తే వాడికి కంటిచూపు తక్కువ! కళ్లద్దాలు పెట్టించాకే చదువు సంగతి మొదలుపెట్టారు. పిల్లల ఆరోగ్యం చూడటానికి బడులకొచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీమ్ ఎప్పుడొచ్చిందో, పిల్లవాడి పేరు ఎదురుగా ఏం రాసిందో రిజిస్టర్‌లో వెతకండి.

టెస్టు అవసరమే అయితే మీ సూపర్‌వైజర్ చెప్పినప్పుడు, ఇంటివాళ్ల ఒప్పుదలతో చెయ్యండి. మాన్యువల్లో సూచనలు గ్రాంథికంగా ఉంటే పిల్లవాడు బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు, వాడికి రాదని సున్నా వేసేస్తాం. సూచన మార్చేస్తే మళ్లీ స్కోరు నిలవదు. అందుకని ముందు మామూలు కబుర్లతో వాడి మాట మీరు, మీ మాట వాడు అర్థం చేసుకోవాలి, వాడికి అర్థం కానిచోట ఆ విషయం రిపోర్టులో రాయాలి. ఇంట్లో సవర మాట్లాడే పిల్లల దగ్గర అయితే ఇంకా జాగ్రత్త. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని బడులు పెట్టారు. ఆయన పుట్టిన జిల్లాలో, తెలుగు టెస్టులో తక్కువొచ్చిందని సవర పిల్లకి తెలివి తక్కువని రాసిచ్చేస్తే బాగుండదు కదా.

ఇల్లు కూడా లెక్కలోకి రావాలి. మన తీరంలో వేటకని గుజరాత్ వెళ్లిన తండ్రులున్నారు, ఉద్దానంలో డయాలసిస్‌కి తిరిగే తండ్రులున్నారు. అలాంటి ఇంటి పిల్లవాడు క్లాసులో గాల్లోకి చూస్తున్నాడంటే కారణం కిట్టులో దొరకదు. ఇంకొకటి, పిల్ల తన మీద ఏదైనా లైంగిక వేధింపు జరిగిందని మీతో చెప్తే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, స్టూడెంట్‌కి మినహాయింపు లేదు. అదే రోజు మీ సూపర్‌వైజర్‌కి చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. మిగతా విషయాలు మాత్రం బస్సులో కూడా నోరు జారకండి, సొంత మండలం కాబట్టి మీ పక్క సీట్లో కూర్చున్నది వాడి మేనత్తే అయి ఉండొచ్చు.

ఉద్యోగం సంగతి సూటిగా చెప్తాను. మన ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో స్కూల్ సైకాలజిస్ట్ అన్న పేరుతో రెగ్యులర్ పోస్టు లేదు. కౌన్సెలర్లుగా ప్రైవేటు బడులు తీసుకుంటున్నాయి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి గానీ అక్కడ పనిచేసేవాళ్లకి స్పెషల్ ఎడ్యుకేషన్ చదువు కావాలి. వైకల్యాన్ని నిర్ధారించే పని చెయ్యాలంటే ఎమ్మెస్సీ చాలదు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న క్లినికల్ కోర్సు చేసి రిజిస్టర్ కావాలి. ఇప్పుడే తెలుసుకుని దారి ఎంచుకోండి.

ప్రశ్న: మా మనవడు మూడో తరగతి. వాడి అమ్మా నాన్నా హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకి పోయారు, నా దగ్గరే ఉంటాడు. సైకాలజీ చదివే అమ్మాయి వాడిని చూస్తుందట, కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారు. మా గుంటడిని పిచ్చోడని రాసేస్తారేమోనని భయంగా ఉంది. ఏటి సెయ్యమంటారు?
(చీపురుపల్లి దగ్గర నుంచి ఒక నాయనమ్మ, పక్కింటి అమ్మాయి చేత రాయించారు)

జవాబు: అమ్మా, భయపడకండి, పిచ్చి ఉందో లేదో చూడటానికి కాదు ఆ అమ్మాయి వచ్చింది. చదువులో, ఆటలో, తోటిపిల్లలతో వాడికి ఎక్కడ కష్టంగా ఉందో చూస్తుంది, అంతే. అయితే అడక్కుండా వేలిముద్ర వెయ్యకండి. ఆ కాగితంలో ఏముందో తెలుగులో చదివి వినిపించమనండి. వాడి గురించి రాసింది ఎవరెవరు చూస్తారో అడగండి. మధ్యలో వద్దనిపిస్తే మానెయ్యొచ్చా అని కూడా అడగండి, మానెయ్యొచ్చు, అది మీ ఇష్టం. కొడుకూ కోడలికీ ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు ఆ అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడితే ఇంకా మంచిది.

ఆ అమ్మాయి ఇంటికొస్తే మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి: రాత్రి ఎప్పుడు పడుకుంటాడో, ఫోన్ ఎంతసేపు చూస్తాడో, అమ్మ గుర్తొస్తే ఏం చేస్తాడో. ఇవి మీకు తప్ప ఎవరికీ తెలియవు. దిష్టి తియ్యాలనుకుంటే తియ్యండి, దానికి అడ్డు చెప్పను, కానీ కళ్లు మాత్రం ఆస్పత్రిలో చూపించండి.

ప్రశ్న: బీఈడీ చేసి విజయనగరంలో ప్రైవేటు బడిలో పనిచేస్తున్నాను. ఉద్యోగం మానకుండా దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసి స్కూల్ కౌన్సెలర్ అవుదామనుకుంటున్నాను. ఏ యూనివర్సిటీ మంచిది?
(ఒక టీచరమ్మ)

జవాబు: ఆగండి, డబ్బు కట్టకండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఇప్పటికీ సీటిస్తామని ఏజెంట్లు ఫోన్ చేస్తుంటే నమ్మొద్దు. రెగ్యులర్‌గా చదవగలిగితే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సైకాలజీ విభాగం మీకు దగ్గర. అది కుదరకపోతే ప్రత్యేక అవసరాల పిల్లలకి చదువు చెప్పే స్పెషల్ బీఈడీ వైపు ఆలోచించండి, మీ అనుభవం అక్కడ బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయిపోవచ్చింది. అమెరికా వెళ్లి స్కూల్ సైకాలజీ చదువుతానంటోంది. మా బంధువులందరి పిల్లలూ కంప్యూటర్స్‌కి వెళ్లారు, దీని గురించి చెప్పేవాళ్లు లేరు. పంపొచ్చా?
(ఒక తండ్రి, బొబ్బిలి)

జవాబు: అక్కడ అది స్థిరపడిన వృత్తి బాబూ. వికలాంగ పిల్లలకి ప్రభుత్వ బడిలో ఉచితంగా, తగిన చదువు చెప్పి తీరాలని 1975లోనే వాళ్లు చట్టం చేశారు, దాంతో పిల్లని పరీక్షించి, తల్లిదండ్రులని కూర్చోబెట్టుకుని మాట్లాడి, ఆ పిల్లకి విడిగా ఒక ప్లాన్ రాసే మనిషి బడికి తప్పనిసరి అయ్యాడు. స్పెషలిస్ట్ స్థాయి కోర్సు మామూలుగా మూడేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్న్‌షిప్ కనీసం 1,200 గంటలు, అందులో సగమైనా బడిలోనే ఉండాలన్నది అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం పెట్టిన ప్రమాణం. ఆ తరువాత ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం లైసెన్సు. అయిదు వందల మంది పిల్లలకి ఒక సైకాలజిస్ట్ ఉండాలని ఆ సంఘం అంటుంది, చాలాచోట్ల అంతమంది లేరు, అంచేత పని దొరుకుతుంది.

అయినా నాకు కొన్ని సందేహాలున్నాయి. కంప్యూటర్స్‌లా జీతంతో అప్పు తొందరగా తీరిపోతుందని లెక్కేసుకోవద్దు. మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు, ముందే రాసి అడగండి. ఇంటర్న్‌షిప్‌లో అమ్మాయి అయిదేళ్ల అమెరికా పిల్లతో కింద కూర్చుని ఆడాలి, వాళ్ల అమ్మతో కష్టమైన మాట చెప్పాలి, రిపోర్టు రాయాలి, అన్నీ వాళ్ల ఇంగ్లిష్‌లో, వాళ్ల ఇళ్ల పద్ధతులు తెలిసి. పరీక్షల్లో మార్కులొచ్చినంత మాత్రాన ఇది రాదు. తిరిగొచ్చేస్తే అక్కడి లైసెన్సు ఇక్కడ ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్‌గా దానంతటదే మారిపోదు. పంపే ముందు ఈ వేసవిలో అమ్మాయిని ఒక నెల ఏదైనా అంగన్‌వాడీలో గానీ వేసవి శిబిరంలో గానీ చిన్నపిల్లల మధ్య పెట్టండి. రోజూ ఇంటికొచ్చి ఆ పిల్లల కబుర్లే చెప్తుంటే పంపండి. తలనొప్పి అంటే వేరే కోర్సు చూడండి.

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్ల బడి. ఏటా సైకాలజీ స్టూడెంట్లు వస్తారు, పిల్లల్ని బయటికి పిలిచి ఏవో బొమ్మలు చూపిస్తారు, నోట్‌బుక్కులు నింపుకుంటారు, సర్టిఫికెట్ మీద స్టాంపు వేయించుకుని పోతారు. ఏం తేలిందో మాకెవరూ చెప్పరు. ఈసారి రానివ్వకూడదనుకుంటున్నాను.
(ఒక ఉపాధ్యాయుడు, ఆమదాలవలస)

జవాబు: మీ కోపం న్యాయమే మాస్టారూ. ఆ పిల్లలు వాళ్ల కాలేజీ రికార్డు కోసం వస్తున్నారు, మీ బడి కోసం కాదు. కానీ తలుపు మూసేస్తే మీకే నష్టం, ఇద్దరు టీచర్లు అయిదు క్లాసులు నడిపేచోట ఒక్క పిల్లవాడి పక్కన గంటసేపు కూర్చునే మనిషి మళ్లీ దొరకదు. రానివ్వండి, షరతు పెట్టండి. చూసిన ఒక్కో పిల్లవాడి గురించీ ఒక్క పేజీ, తెలుగులో, ఇంగ్లిష్ పదాల గారడీ లేకుండా రాసివ్వమనండి. ‘శ్రద్ధ లోపించింది, ప్రోత్సహించవలెను’ అని రాస్తే వెనక్కిచ్చెయ్యండి, అది మీకు ముందే తెలుసు. ముందు వరసలో ఏ పక్క కూర్చోబెట్టాలి, ఒకేసారి ఎన్ని పదాలు ఎక్కించుకోమనాలి, ఏ ఒత్తు దగ్గర ఆగిపోతున్నాడు, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి: ఇలాంటివి ఉండాలి. అందులో మీకు కుదరనిది ఏదో అక్కడికక్కడే చెప్పండి, వాళ్లకి అసలైన ట్రైనింగ్ అదే. ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఒక కాపీ మీ మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసే ఐఈఆర్‌పీ టీచరుకి వెళ్లాలి, లేకపోతే వచ్చే ఏడు ఇంకో స్టూడెంట్ వచ్చి మళ్లీ మొదటి నుంచీ మొదలుపెడతాడు.

వెళ్లిపోయే రోజు పిల్లలకి ఒక వారం ముందే చెప్పమనండి. అమ్మానాన్నలు వలసపోయిన పిల్లలు కొత్త అక్కకి తొందరగా అతుక్కుపోతారు, సోమవారం వచ్చి ‘అక్క ఏదండీ’ అని మిమ్మల్నే అడుగుతారు. స్టాంపు ఎలాగూ మీ బీరువాలోనే ఉంటుంది, ఆ పేజీలన్నీ మీ చేతికొచ్చాకే బయటికి తియ్యండి.