దూడకి డి విటమిన్ సాషే పట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లె, రెండు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. పెద్దావు పెయ్యదూడకి నాలుగు నెలలు నిండాయి గానీ రెండు నెలల దూడలా ఉంది, టేపుతో కొలిస్తే 60 కిలోలు వచ్చింది. ముందుకాళ్ల మోకాళ్లు లావుగా కనపడుతున్నాయి, లేవడానికి ఇబ్బంది పడుతోంది, గోడ నాకుతోంది. కుక్కల భయానికీ దోమలకీ పుట్టినకాడి నుంచి రేకుల షెడ్డులో మెష్ లోపలే కట్టేస్తున్నాం. సూపర్ నేపియర్ ముక్కలు, తవుడు పెడతాం, పాలకి ఒక చన్ను వదులుతాం. మా అమ్మకి రాసిన డి విటమిన్ సాషేలు, 60 వేల యూనిట్లవి, మిగిలిపోతే వారానికొకటి ఆరు వారాలుగా పాలల్లో కలిపి పట్టాను. పెరుగుదల లేదు. డోసు పెంచమంటారా?

జవాబు: పెంచొద్దండి బాబూ, ముందు ఆ సాషే ఆపేయండి. మీ దూడ రోజుకి తినే మేతలో నీరు తీసేస్తే ఓ కిలోన్నర ఉంటుందనుకుందాం, దూడకి కిలో పొడి మేతకి 600 యూనిట్ల డి విటమిన్ చాలు, అంటే రోజుకి 900. మీరు పట్టిన ఒక్క సాషే రెండు నెలల రేషను, ఆరు సాషేలంటే ఏడాది పైన రేషను ఆరు వారాల్లో పోసేశారన్నమాట! ఇది నీళ్లలో కరిగి మూత్రంలో పోయే విటమిన్ కాదు, కొవ్వులో నిలవుంటుంది. ఎక్కువైతే కాల్షియం ఎముకలో కాకుండా గుండెలో, రక్తనాళాల్లో, కిడ్నీల్లో పేరుకుంటుంది. మేత మానేయడం, నీళ్లు తెగ తాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.

అయితే మీ అనుమానం పూర్తిగా తప్పు కాదు. మీరు చెప్పిన మోకాళ్లు వింటే రికెట్స్ (డి విటమిన్ లోటుతో ఎముకలు మెత్తబడే జబ్బు) లాగే ఉంది. ఈ విటమిన్ పని ఏంటంటే పేగుల్లోంచి కాల్షియం, ఫాస్ఫరస్ లోపలికి లాగడం, అది లేకపోతే పెరిగే ఎముక చివర గట్టిపడక మెత్తగా ఉండిపోయి ఉబ్బుతుంది, బరువు మోయలేక కాళ్లు వంగుతాయి. ఒకసారి ఒక షెడ్డులో చూశాను, దూడ వీపు విల్లులా వంచి, నాలుగు కాళ్లూ దగ్గరకి పెట్టి ముసలాయన నిలబడ్డట్టు నిలబడింది, మోకాలు పట్టుకుంటే చర్మం కింద నిమ్మకాయ పెట్టినట్టుంది, ఇంట్లోవాళ్లు దెబ్బ తగిలిందనుకుని పసుపు పట్టేసి కట్టు కట్టారు పాపం.

మీ ఇంట్లో ఏం జరిగిందంటే, ఎండ తగలని దూడకి డి విటమిన్ తనంతట తను తయారు కాదు, పాలల్లో చాలా తక్కువ, పచ్చగడ్డిలోనూ అంతే. గడ్డి కోసి ఎండలో ఆరబెడితేనే దాంట్లో కొంత తయారవుతుంది (పచ్చిదే బలం అనుకుంటాం కదా, ఈ ఒక్క విషయంలో ఎండుగడ్డిదే పైచేయి). పైగా నేపియర్‌లో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, తవుడులో ఫాస్ఫరస్ దండిగా ఉండి కాల్షియం బొత్తిగా ఉండదు. అంటే పేగులకి లాగుదామన్నా కాల్షియం లేదు. అందుకే సాషేలు ఎన్ని పట్టినా మీకు ఫలితం కనపడలేదు, లోటుంటే తీరుస్తుందే తప్ప అది పెరుగుదల మందు కాదండి.

ఇంకో మాట, క్రాస్ దూడ రోజుకి 400-500 గ్రాములు పెరగాలి, దానికి ముందు పాలు కావాలి. మొదటి రెండు నెలలు దూడ బరువులో పదో వంతు పాలు పట్టాలి, ఒక చన్ను వదిలితే ఎన్ని తాగిందో ఎవరికి తెలుసు? కొలిచి పట్టండి. గోడ నాకుతోందంటే ఉప్పు, ఫాస్ఫరస్ లోటో, ఏలిక పాములో అయ్యుండొచ్చు, పేడ తీసుకెళ్లి పరీక్ష చేయించండి. పుట్టిన పది రోజులకి పాముల మందు పట్టించారా? చాలామంది అది వదిలేస్తారు. మీ పశువైద్యశాలలో రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ చూపించి, రోజుకి 20 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో మొదలుపెట్టండి. కాల్షియం టానిక్ కొనేటప్పుడు డబ్బా మీద డి3 (అదీ డి విటమినే) ఎంతుందో చదవండి, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. ఎ, డి3, ఇ ఇంజెక్షన్ చేస్తామన్నా ముందు ఈ సాషేల సంగతి చెప్పండి, మొహమాటపడకండి.

ప్రశ్న: మా గేదెదూడని పొద్దున ఆరున్నరకి ఎండలో కడుతున్నాను, లేత ఎండలోనే డి విటమిన్ ఉంటుందంటారు కదా?

జవాబు: అందరూ అంటారు, నిజం కాదండి. విటమిన్ తయారుచేసే కిరణాలు సూర్యుడు పైకొస్తేనే నేలకి బాగా చేరతాయి. మీ నీడ మీకంటే పొట్టిగా పడుతుంటే ఆ ఎండ పనికొచ్చినట్టు. వెంట్రుకల వల్ల తయారవదేమో అని కూడా అడుగుతుంటారు, 2010లో డెన్మార్క్‌లో పాడి ఆవులకి ఒంటి నిండా గుడ్డ కప్పి చూశారు, గుడ్డ కప్పినకొద్దీ రక్తంలో డి తగ్గింది, అంటే వెంట్రుకలున్నా ఒళ్లంతా పని చేస్తుందన్నమాట. గేదెదూడది నల్ల చర్మం కాబట్టి కాస్త ఎక్కువసేపు కావాలి, కానీ మన ఎండాకాలం సంగతి తెలుసుగా, పది దాటితే దూడ సొమ్మసిల్లిపోతుంది. పక్కన చెట్టో పందిరో ఉన్న చోట తాడు పొడుగ్గా కట్టి నీళ్ల తొట్టి పెట్టండి, మండితే నీడలోకి అదే పోతుంది.