పది నుంచి ఎం.ఏ. దాకా తెలుగు పుస్తకాలు: ఏది ముందు, ఏది తర్వాత?

కడపలో డిగ్రీ మొదటి ఏడాది చదివే మీ తమ్ముడు చిన్నయసూరి తెలుగు వ్యాకరణ గ్రంథం బాలవ్యాకరణం కొని, పది పేజీలకే పక్కన పడేశాడని, ఏ పుస్తకం ముందు చదివించాలో చెప్పమని రాశారు. పేరులో 'బాల' ఉందని మోసపోయేవాళ్లు చాలామందే. 1858లో అచ్చయిన ఆ పుస్తకమంతా సూత్రాలే. "ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధి యగు" అంటే పొట్టి ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి జరుగుతుందని. ఉత్వసంధి ముందే వచ్చినవాడికి ఇది ఒక్క ముక్క, రానివాడికి పొడుపుకథ.

ముందు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాచకాల్లోని వ్యాకరణం పాఠాలు పూర్తి చేయించండి. రోజుకో సంధి, ఇరవై మాటలు విడదీసి రాయాలి. ఛందస్సు ఆ తర్వాతే. పోతన పాదం చూడండి: "ఎవ్వనిచే జనించు జగమెవ్వనిలోపల నుండు లీనమై". ఉత్పలమాల కాబట్టి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగాల్సిన చోటు, పదో అక్షరం. లెక్కపెడితే అక్కడ 'మె' ఉంది, మొదటి అక్షరమేమో 'ఎ'. యతి తప్పిందా? లేదు. జగము + ఎవ్వని అని విడదీస్తే 'మె'లో దాగిన 'ఎ' బయటపడుతుంది. సంధి రాకుండా గణాలు బట్టీపడితే ఇక్కడే బోల్తా.

కావ్యాల్లో మొదట మొల్ల రామాయణం, తర్వాతే మనుచరిత్ర. టీకాతాత్పర్యాలున్న ప్రతే కొనండి. కానీ తాత్పర్యం ముందు చూడకూడదు. పద్యంలో క్రియ పట్టుకుని, ఆ పని చేసిందెవరో తేల్చుకున్నాకే చూడాలి. నిఘంటువుకు శబ్దరత్నాకరం. అందులో 'చెరువు' కోసం వెతికి లేదనుకోవద్దు, బండి ఱతో రాసే పాత రూపం 'చెఱువు' దగ్గర ఉంటుంది.

బాలవ్యాకరణం ఎం.ఏ.కు పనికొస్తుంది, అదీ వ్యాఖ్యానంతో. ప్రౌఢవ్యాకరణం దాని లోట్లు పూరించడానికి రాసింది, ముందుగా చదివితే వృథా. భాషాచరిత్రకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన 'తెలుగు భాషాచరిత్ర', సాహిత్యచరిత్రకు పింగళి లక్ష్మీకాంతం గారిది చాలు. ఆరుద్ర 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు అవసరమైనప్పుడు తిరగేసుకోవడానికే. విమర్శ ఎలా రాయాలో తెలియాలంటే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 'వేమన' చదవాల్సిందే. గైడ్ల జోలికి మాత్రం పోనీయకండి.

కొనేముందు మన కడపలోనే ఉన్న సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పంపండి. బాలవ్యాకరణానికి దొరికిన వ్యాఖ్యానాలు పక్కపక్కన పెట్టుకుని ఒకే సూత్రం అన్నింట్లో చదివి, తనకు అర్థమైనదాన్నే కొనమనండి.